మన తీరిక ఎవరి ఖాతాలో ఖర్చు?

2024లో ఈస్టర్ మార్చి 31న వచ్చింది. 1991, 2002, 2013 తర్వాత మళ్లీ అదే తేదీ. బ్యాంకులో పనిచేసే క్రైస్తవుడికి ఇది ఎంత ఇరకాటమో సహోద్యోగులకు చెప్పనక్కర్లేదు. ఏడాదిలో అన్నిటికన్నా పెద్ద పండుగ, ఏడాదిలో అన్నిటికన్నా పెద్ద పని ఒకే రోజున పడ్డాయి. పైగా అది ఆదివారం. ప్రభుత్వ లావాదేవీలు చూసే ఏజెన్సీ బ్యాంకుల శాఖలు ఆ రోజు తెరిచి ఉండాలని మార్చి 20న రిజర్వ్ బ్యాంకు తెలియజేసింది. అప్పటికి రంజాన్ నెల కూడా నడుస్తోంది. అంటే ఒకే హాల్లో ఉపవాసంతో పనిచేస్తున్న ఒకరు, తెల్లవారుజామున పునరుత్థాన ఆరాధన ముగించుకుని వచ్చిన ఒకరు, ఆదివారమైనా పిల్లలతో ఉందామనుకున్న మరొకరు. సాయంత్రం ఎవరు ముందు ఇంటికి వెళ్లాలన్నది పైకి డ్యూటీ చార్టు సంగతి. ఆ చార్టు వేసేవాడి విశ్వాసం ఏమిటో మాత్రం ఆ చార్టులోనే తెలుస్తుందని నా నమ్మకం.

సమయ పాలన మీద మన పత్రికల్లో చాలా వ్యాసాలు వచ్చాయి. ఉదయం 5 గంటలకు లేవడం, పనుల జాబితా రాసుకోవడం, ఫోను దూరంగా పెట్టడం. ఇవన్నీ మంచివే. ఎంబీఏలో నేనూ చదివాను, కొన్ని పాటిస్తున్నాను. కాని ఆ పాఠాలన్నీ ఒకే ప్రశ్న దగ్గర మొదలవుతాయి: నా గంటను నేను ఎలా వాడుకోవాలి? బైబిలు చదువుతుంటే నాకు దాని పక్కన ఇంకో ప్రశ్న కనిపించింది: నా గంట మిగలడానికి ఎవరి గంట ఖర్చవుతోంది? నేను క్రైస్తవుణ్ణి కాబట్టి నాకు తెలిసిన గ్రంథం నుంచే మాట్లాడతాను. వేరే విశ్వాసాల మిత్రులు తమ పెద్దలు చెప్పినదానితో పోల్చి చూసుకోవచ్చు.

లింబాయత్‌లో గంట విలువ

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో కన్నా సూరత్‌లోని లింబాయత్‌లో బాగా అర్థమైంది. ఉధనా, డిండోలీల పక్కన ఉన్న ఈ ప్రాంతం తెలియని తెలుగువారికి ఒక మాట చెప్పాలి. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గం పని కోసం వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఇక్కడ తరాలుగా ఉన్నాయి. షోలాపూర్‌కు, భీవండీకి వెళ్లినట్టే కొందరు ఇటు వచ్చారు. సూరత్ మున్సిపల్ కార్పొరేషన్ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా బడులతో పాటు తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. వీధిలో నడుస్తుంటే ఒక గుమ్మంలో మరాఠీ, పక్క గుమ్మంలో ఉర్దూ, ఆ పై అంతస్తులో మన కరీంనగర్ యాస వినిపిస్తాయి. వెనకాల ఎక్కడో మగ్గాల చప్పుడు ఆగకుండా నడుస్తూనే ఉంటుంది.

ఆ మగ్గాల దగ్గర షిఫ్టు అంటే 12 గంటలు. పగలు ఒకరు, రాత్రి ఒకరు. కూలి మీటరు లెక్కన. ఇళ్లలో ఆడవాళ్లు చీరలకు రాళ్లు అతికిస్తారు, లేసు కుడతారు, వేలాడే దారాలు కత్తిరిస్తారు, మడతలు పెడతారు. దానికి కూలి చీర లెక్కన. ఇక్కడ ఎవరైనా ‘టైము లేదు’ అంటే మన మీటింగులో అన్నట్టు కాదు. చెయ్యి ఆగితే కూలి ఆగుతుందని అర్థం.

మనం నెల జీతం వాళ్లం. కౌంటరు దగ్గర గంట ఆలస్యమైనా ఒకటో తారీఖున మన ఖాతాలో పడేది తగ్గదు. క్యూలో నిలబడ్డ ఆవిడకు మాత్రం ఆ గంట చీరల లెక్కలో కనిపిస్తుంది. చీరలకు రాళ్లు అంటించే ఒక అక్క ఖాతా తెరవడానికి వచ్చినప్పుడు కూర్చోకముందే అడిగింది: “సార్, ఇయ్యాల్నే అయితదా, మళ్ల రమ్మంటరా? ఇంకో బ్యాంకుల ఒక్క సంతకానికి మూడు మాట్ల తిప్పిండ్రు. మూడు పూటల పని పోయింది.” ఆమె అడిగింది వడ్డీ రేటు గురించి కాదు, బీమా గురించి కాదు. తన పూట గురించి. అప్పటి నుంచి కేవైసీ కాగితాల జాబితాను తెలుగులో రాసి గేటు పక్కన అతికించాం. సెక్యూరిటీ గార్డు లోపలికి పంపే ముందే దాన్ని చూపిస్తాడు. చాలా చిన్న పని. ఒకసారి వెనక్కి తిరగాల్సిన మనిషి తిరగకుండా ఆగితే ఆ పూట ఎవరికి మిగిలినట్టు?

యిత్రో చూసిన క్యూ

మేనేజ్‌మెంట్ తరగతుల్లో బైబిలు నుంచి ఒక ఘట్టాన్ని మాత్రం అందరూ ఉదాహరిస్తారు. నిర్గమకాండము 18వ అధ్యాయం. మోషే ఒక్కడే పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుని జనం తగాదాలు తీరుస్తుంటాడు. మామ యిత్రో వచ్చి చూసి, వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి ఒక్కొక్క అధికారిని పెట్టమని, పెద్ద వ్యవహారాలే తన దగ్గరికి తెచ్చుకోమని సలహా ఇస్తాడు. అధికారాల బదలాయింపుకు ఇదే మొదటి పాఠమని చెబుతారు. నిజమే. కాని తరగతిలో ఎవరూ ఆపి చూపించని విషయం ఒకటి ఆ కథలో ఉంది. మోషే కూర్చుని ఉన్నాడు, జనం నిలబడి ఉన్నారు. యిత్రో భయపడింది అల్లుడి ఆరోగ్యం గురించి మాత్రమే కాదు. నువ్వూ నలిగిపోతావు, నీతోపాటు ఈ జనమూ నలిగిపోతారు అంటాడు. సలహా చివర్లో చెప్పిన లాభం కూడా జనానికే: వాళ్లు నెమ్మదిగా తమ ఇళ్లకు వెళతారు.

అంటే యిత్రో మోషే డైరీని కొలవలేదు. క్యూను కొలిచాడు. మనలో చాలామంది పని పంచేది మన బల్ల ఖాళీ చేసుకోవడానికి. పంచిన తర్వాత క్యూ తగ్గిందా లేదా అని చూసేవాళ్లు తక్కువ. మేనేజరు ఆమోదం కావాల్సిన చిన్న పనిని పక్క ఆఫీసరుకు అప్పగించి, ఆయనకు సిస్టంలో ఆ అధికారం ఇప్పించకపోతే ఖాతాదారు రెండు బల్లల మధ్య తిరుగుతాడు. అది బదలాయింపు కాదు, బరువును ఖాతాదారు నెత్తికి మార్చడం.

2006 జనవరిలో రిజర్వ్ బ్యాంకు బిజినెస్ కరస్పాండెంట్ల పద్ధతికి అనుమతి ఇచ్చింది. మనం వాళ్లను బ్యాంకు మిత్రలు అంటాం. టార్గెట్ కాగితాల్లో వాళ్లు కొత్త ఖాతాల సంఖ్యగానే కనిపిస్తారు. లింబాయత్ వంటి చోట వాళ్ల అసలు విలువ వేళలో ఉంది. షిఫ్టు దిగి వచ్చిన మగ్గం కార్మికుడు ఇంటికి డబ్బు పంపాలంటే మన షట్టరు అప్పటికి దిగి ఉంటుంది. సందు మొదట్లో బ్యాంకు మిత్ర దుకాణం తెరిచి ఉంటుంది. పదిమందికి ఒక అధికారి అంటే ఇదే కదా అని నాకు అనిపిస్తుంది. అందుకే బ్యాంకు మిత్ర మిషను పాడైందని ఫోను వస్తే దాన్ని ‘అత్యవసరం’ కింద రాసుకుంటాను. పై ఆఫీసు అడిగిన స్టేట్‌మెంటు కన్నా ముందు.

అత్యవసరం, ముఖ్యం

ఈ రెండు మాటల తేడా మీద శిక్షణ కేంద్రాల్లో నాలుగు గళ్ల పట్టిక వేసి చూపిస్తారు. 1989లో స్టీఫెన్ కోవే పుస్తకంతో ఆ పట్టిక ప్రపంచమంతా తిరిగింది. దాన్ని అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పేరుతో పిలుస్తారు. ఆ మాట ఆయన ఎక్కడ అన్నాడో చాలామందికి తెలియదు. 1954 ఆగస్టులో ఎవాన్‌స్టన్ నగరంలో ప్రపంచ చర్చిల మండలి రెండవ మహాసభ జరిగినప్పుడు, అక్కడికి వచ్చిన ప్రతినిధుల ముందు అన్నాడు. అదీ తన మాటగా కాదు. తనకు తెలిసిన ఒక కళాశాల మాజీ అధ్యక్షుడు తన సమస్యలను అత్యవసరమైనవి, ముఖ్యమైనవి అని రెండు రకాలుగా చూసేవాడని, అత్యవసరమైనవి ముఖ్యం కావని, ముఖ్యమైనవి ఎన్నడూ అత్యవసరంగా రావని చెప్పాడు. 1967లో చార్లెస్ హమ్మెల్ అనే రచయిత ఇదే విషయం మీద క్రైస్తవుల కోసం ఒక చిన్న పుస్తకం రాశాడు. యేసు భూమి మీద అందరు రోగులనూ బాగుచేయలేదు, అయినా తనకిచ్చిన పని పూర్తయిందని తండ్రికి చెప్పగలిగాడు, ఎలా అన్నది దాని ప్రధాన ప్రశ్న.

మార్కు సువార్త మొదటి అధ్యాయంలో దీనికి ఆధారం దొరుకుతుంది. కపెర్నహూములో ముందురోజు సాయంత్రం ఊరంతా వాకిట్లో గుమిగూడింది. మర్నాడు ఇంకా చీకటి ఉండగానే ఆయన లేచి ఏకాంత స్థలానికి వెళ్లి ప్రార్థించాడు. శిష్యులు వెతుక్కుంటూ వచ్చి అందరూ నీకోసం చూస్తున్నారన్నారు. మన భాషలో చెప్పాలంటే, హాలు నిండిపోయింది సార్ అన్నారు. ఆయన పక్క ఊళ్లకు వెళదాం పదండి అన్నాడు. తెల్లవారి ప్రార్థన ఆయనకు ఇచ్చింది ఎక్కువ పని చేసే ఓపిక మాత్రమే కాదు, ఏ పని తనది కాదో చెప్పే స్పష్టత.

ఇక్కడితో ఆపితే చాలా సౌకర్యంగా ఉంటుంది. ‘కాదు’ అని చెప్పడం నేర్చుకోండి అని ప్రతి వక్తా చెబుతాడు. అదే సువార్తలో ఆరో అధ్యాయం కూడా చదవాలి. అక్కడ శిష్యులకు భోంచేయడానికి కూడా తీరిక లేదు. ఆయనే వాళ్లను కాస్త విశ్రాంతి తీసుకోమని పడవలో ఏకాంత స్థలానికి తీసుకెళ్లాడు. జనం కాలినడకన పరుగెత్తి ముందే చేరుకున్నారు. సెలవు పెట్టుకున్న రోజే ఇన్‌స్పెక్షన్ పడ్డట్టు. ఆయన వాళ్లను చూసి జాలిపడి బోధించాడు, ఐదువేలమందికి భోజనం పెట్టించాడు. అంతా అయ్యాక శిష్యులను ముందు పంపేసి, జనాన్ని సాగనంపి, ఒక్కడే కొండ ఎక్కి ప్రార్థించాడు. పొద్దున పోయిన ఏకాంతాన్ని రాత్రికి తిరిగి తీసుకున్నాడు. విశ్రాంతి వాయిదా పడింది గాని రద్దు కాలేదు. క్లోజింగ్ నెలల్లో నన్ను నిలబెట్టేది ఈ రెండో ఘట్టమే. మార్చిలో పోయిన సాయంత్రాలను ఏప్రిల్‌లో తేదీలతో సహా రాసుకుని వెనక్కి తీసుకోవాలి. తేదీ వేయని వాయిదా మొండి బకాయి అవుతుందని మన వృత్తిలో ఎవరికి తెలియదు?

విశ్రాంతి దినం జాబితా

పది ఆజ్ఞల్లో విశ్రాంతి దినం గురించిన ఆజ్ఞ బైబిలులో రెండు చోట్ల వస్తుంది. నిర్గమకాండము 20వ అధ్యాయంలో కారణం సృష్టి. దేవుడు ఆరు దినాల్లో సృష్టి ముగించి ఏడవ దినాన విశ్రమించాడు కాబట్టి. ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయంలో కారణం వేరు. మీరు ఐగుప్తులో దాసులుగా ఉండేవారు, అది గుర్తుంచుకోండి. రెండు చోట్లా ఎవరెవరు విశ్రమించాలో ఒక జాబితా ఉంది: నువ్వు, నీ కొడుకు, నీ కూతురు, నీ దాసుడు, నీ దాసి, పశువులు, నీ ఊళ్లో ఉంటున్న పరదేశి. రెండో చోట ఇంకో మాట కలిపారు. నీలాగే నీ దాసుడూ దాసీ విశ్రమించాలట. ‘నీలాగే’ అన్న మాట దగ్గర నేను చాలాసార్లు ఆగాను.

విశ్రాంతి అంటే మనం సాధారణంగా వ్యక్తిగత క్రమశిక్షణ అనుకుంటాం. ఆజ్ఞ మాత్రం దాన్ని యజమాని మీద పెట్టిన బాధ్యతగా రాసింది. ఇతరుల పని మీద ఆనుకుని నేను తీసుకునే విశ్రాంతి ఆ ఆజ్ఞ లెక్కలోకి రాదు. ఊళ్లో ఉంటున్న పరదేశి అన్న మాట లింబాయత్‌లో చదివితే దూరపు మాటలా ఉండదు. అక్కడ తెలుగువాడూ పరదేశే, పక్క మగ్గం దగ్గరి ఒడియా కుర్రాడూ పరదేశే.

మన ఇంట్లోకి, మన బ్రాంచిలోకి దీన్ని తీసుకురావడం కష్టమే. 2015 సెప్టెంబరు 1 నుంచి మనకు రెండవ, నాలుగవ శనివారాలు సెలవు వచ్చాయి. మిగతా శనివారాలు పూర్తి పనిదినాలయ్యాయి. సెలవు శనివారం రాత్రి నాకు గుర్తొచ్చిన పనిని అప్పుడే బ్రాంచి వాట్సాప్ గ్రూపులో పెడితే నా మనసు తేలికవుతుంది, ఆదివారం నేను హాయిగా ఆరాధనకు వెళతాను. ఆ బరువు నలుగురి ఆదివారంలోకి చేరుతుంది. అందుకే గుర్తొచ్చినదాన్ని నా కాగితం మీద రాసుకుంటాను, గ్రూపులోకి అది సోమవారం ఉదయమే వెళుతుంది. నిజంగా ఆగని పనైతే ఆ ఒక్కరికే ఫోను చేస్తాను. గ్రూపులో అందరినీ లేపడం ఎందుకు? సాయంత్రం మేనేజరు కదిలితే గాని కదలకూడదనుకునే సబ్‌స్టాఫ్‌ను ముందు ఇంటికి పంపడం ఇంకో పని. మేం ఖాళీగా ఉన్నా ‘సార్ ఉన్నారు కదా’ అని ఒక మనిషి గోడకానుకుని నిలబడి ఉండటం మన శాఖల్లో కొత్త దృశ్యం కాదు.

ఎఫెసీయులకు రాసిన పత్రికలో పౌలు సమయం గురించి చెప్పిన మాటను తెలుగులో సద్వినియోగం అన్న అర్థంలో చదువుకుంటాం. మూలమైన గ్రీకులో ఆ క్రియకు విడిపించి కొనడం అన్న అర్థం ఉంది, సంత అనే మాట నుంచి పుట్టింది. సమయానికి అక్కడ వాడిన పదం కూడా గడియారం గంటలను కాదు, తగిన అవకాశాన్ని చెబుతుంది. కొనడం అంటే వెల ఉంటుంది. ఆ వెల నేనే చెల్లించాలి. నా అవకాశాన్ని ఇంకొకరి పూటతో కొనడం పౌలు ఉద్దేశం అయ్యుండదు.

నా రోజు

దినచర్య చెప్పమని శిక్షణలో యువ ఆఫీసర్లు అడుగుతుంటారు. గొప్పగా ఏమీ లేదు. ఫోను చూడకముందు అరగంట వాక్యం, ప్రార్థన. ప్రార్థనలో ఆ రోజు కలవబోయేవారి పేర్లు వస్తాయి, ముఖ్యంగా ఎవరితో కటువుగా మాట్లాడాల్సి వస్తుందో వారివి. రికవరీ రోజైతే జాబితా పొడుగ్గా ఉంటుంది. రోజుకు మూడే పనులు రాసుకుంటాను. మిగతావి వాటంతట అవే వచ్చి కూర్చుంటాయి. కౌంటర్లు రద్దీగా ఉండే మొదటి రెండు గంటలు నేను హాల్లోనే ఉంటాను, స్టేట్‌మెంట్లు ఆ తర్వాత. 17వ శతాబ్దంలో పారిస్‌లోని ఒక మఠంలో బ్రదర్ లారెన్స్ అనే సన్యాసి వంటగదిలో గిన్నెల మధ్యే దేవుని సన్నిధిని అభ్యసించాడని చదివాను. నోట్ల కట్టలు లెక్కపెట్టేటప్పుడు అది నాకు కుదరదు, లెక్క తప్పుతుంది. సంతకాలు పెట్టేటప్పుడు, లిఫ్టు కోసం ఆగినప్పుడు కుదురుతుంది.

ఇంటి సంగతికి వస్తే, మార్త మరియల కథను మన సంఘాల్లో ఎక్కువగా స్త్రీలకే బోధిస్తారు. మార్తలా పనుల్లో పడి తొందరపడొద్దు, మరియలా ప్రభువు పాదాల దగ్గర కూర్చోండి అని. ఆ ప్రసంగం వింటున్న అక్కాచెల్లెళ్లలో సగం మంది మనసు పొయ్యి మీద ఉంటుంది, ఎందుకంటే ఆరాధన అయ్యాక భోజనం పెట్టాల్సింది వాళ్లే. వాళ్లు కూర్చోవాలంటే గిన్నెల దగ్గరికి వేరే ఎవరైనా లేవాలి కదా. లింబాయత్‌లో మేం కలుసుకునే చిన్న తెలుగు కూడికలో ఈ మాట ఒకసారి గట్టిగానే చర్చకు వచ్చింది. వారమంతా చీరల ముందు వంగి కూర్చునే వాళ్లకు ఆదివారం కూడా కూరగాయల ముందు వంగడమే అయితే ఎలా అని ఒక పెద్దావిడే అడిగింది. ఇప్పుడు నెలలో రెండు ఆదివారాలు వంట మగవాళ్లది. మొదటిసారి పప్పు అడుగంటింది. పాస్టరుగారు ఏమీ అనకుండా తిన్నారు.

తేలని విషయం రాత్రి షిఫ్టు వాళ్లది. రాత్రంతా మగ్గం దగ్గర నిలబడి ఆదివారం ఉదయం ఆరాధనకు వచ్చిన కుర్రాళ్లు ప్రసంగం సగంలో గోడకు చేరబడి నిద్రపోతారు. వాళ్లను తట్టి లేపొద్దని పాస్టరుగారు ముందు వరుసవాళ్లకు చెప్పారు. వాళ్ల కోసం బుధవారం సాయంత్రం షిఫ్టు ఎక్కకముందు అరగంట ప్రార్థన మొదలుపెట్టాం. పగటి షిఫ్టుకు మారిన వారం వాళ్లు అప్పటికి ఇంకా మగ్గాల దగ్గరే ఉంటారు. అందుకని ఎవరి షిఫ్టు ఎప్పుడు మారుతుందో ఒక కాగితం మీద రాసి తలుపు వెనకాల అతికించాం. దాన్ని ప్రతి శనివారం దిద్దే పని నాకు అప్పగించారు.